పథ్యం పేరుతో పస్తులు

(లివర్ క్యాన్సర్ ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవాళ్ళ కుటుంబాల కోసం గుంటూరులో జరిగిన అవగాహన సభలో ఒక క్లినికల్ డైటీషియన్ చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా కొద్దిపాటి సవరణలు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఇప్పటిదాకా సర్జన్ గారు గడ్డ ఎక్కడుంటే ఎంత మేర కోస్తారు, ఐసీయూలో ఎన్నాళ్ళు ఉంచుతారు, ఇవన్నీ చెప్పారు. నేను తిండి సంగతి చూసే మనిషిని. క్యాన్సర్ మాట వినగానే తిండి గురించి ఎవరూ అడగరు, అడిగినా "ఏమేం పెట్టకూడదు మేడమ్?" అనే అడుగుతారు. ఏం పెట్టాలి అని అడిగేవాళ్ళు తక్కువ. నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఇంతే: రోగం బయటపడ్డాక ఆపరేషన్ దాకా కొన్ని వారాల వ్యవధి ఉంటుంది కదా, ఆ వారాల్లో మన ఇళ్ళల్లో రోగిని ఎంతో ప్రేమగా పస్తు పెడతాం. ఆ దెబ్బ ఆపరేషన్ అయ్యాక తెలుస్తుంది.

"లివర్‌లో ఏదో ఉందట" అన్న మాట ఇంట్లో పడగానే ఏమవుతుందో మీకు తెలుసు. ముందు నూనె ఆగిపోతుంది. తర్వాత గుడ్డు, మాంసం, చేపలు. పక్కింటి పెద్దావిడ వచ్చి పప్పు కూడా మాన్పిస్తుంది. ఇక మిగిలింది మజ్జిగన్నం, లేదంటే చారన్నం. మధ్యలో కొబ్బరినీళ్ళు, గ్లూకోజు పొడి. పచ్చకామెర్లకి మన తాతల నాటి నుంచి చేస్తున్న పథ్యమే క్యాన్సర్‌కీ చేసేస్తాం.

దీని లెక్క ఒకసారి చూద్దాం. 60 కిలోల మనిషి అనుకోండి. మూడు పూటలకీ కలిపి పావుకిలో బియ్యం. అందులో ప్రొటీన్ 20 గ్రాములు. పల్చటి మజ్జిగ మూడు గ్లాసులంటే ఇంకో నాలుగైదు గ్రాములు. మొత్తం 25 గ్రాములు, వెయ్యి క్యాలరీలు. లివర్ దెబ్బతిన్న మనిషికి కిలో బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్, 30 నుంచి 35 క్యాలరీలు కావాలి. అంటే ఈయనకి రోజుకి 72 నుంచి 90 గ్రాముల ప్రొటీన్, 1800 నుంచి 2100 క్యాలరీలు. మనం పెడుతున్నది ప్రొటీన్‌లో మూడో వంతు, క్యాలరీల్లో సగం. అలా నెల రోజులు పెట్టి, ఆ తర్వాత తీసుకెళ్ళి ఆరేడు గంటల ఆపరేషన్ టేబుల్ మీద పడుకోబెడతాం.

లివర్ ఆపరేషన్‌కి తిండితో ఇంత పని ఎందుకు అంటారా? లివర్‌కి తిరిగి పెరిగే గుణం ఉంది. ఆరోగ్యంగా ఉన్న లివర్ అయితే పావు వంతో, మూడో వంతుకి కొంచెం తక్కువో మిగిల్చినా నెట్టుకొస్తుంది. సిర్రోసిస్ వచ్చి గట్టిపడ్డ లివర్ అయితే కనీసం 40 శాతం మిగలాలి. లివర్‌లోనే పుట్టే క్యాన్సర్ ఎక్కువమందికి ఈ గట్టిపడ్డ లివర్‌లోనే వస్తుంది. దానికి దారి హెపటైటిస్ బి కావచ్చు, సి కావచ్చు, మందు కావచ్చు, ఈమధ్య షుగర్, కొవ్వు లివర్ కావచ్చు. కోసిన మొదటి ఒకటి రెండు వారాల్లో మిగిలిన ముక్క చాలా వేగంగా పెరగాలి. అదే సమయంలో అది రోజూ చేసే పనీ ఆపకూడదు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలు, అల్బుమిన్ అని రక్తంలో ఉండే ప్రొటీన్, ఇన్ఫెక్షన్‌ని ఎదిరించే ప్రొటీన్లు, ఇవన్నీ అదే చెయ్యాలి. సరుకంతా తిండి నుంచో, తిండి లేకపోతే కండ నుంచో రావాలి. ఆ కండ ముందే కరిగిపోయి ఉంటే కుట్లు మానవు, ఊపిరితిత్తుల్లో కఫం దగ్గి బయటకు తియ్యడానికి బలం చాలదు, న్యుమోనియా వస్తుంది, పొట్టలో నీరు చేరుతుంది, పదిరోజుల్లో ఇంటికెళ్ళాల్సిన మనిషి నెల ఉంటాడు. కొందరు వెళ్ళరు.

ఇది ఈనాటి కొత్త సంగతేం కాదు. 1936లో హైరం స్టడ్లీ అని అమెరికాలో క్లీవ్‌లాండ్ సర్జన్ ఒకాయన కడుపులో పుండుకి ఆపరేషన్ అయినవాళ్ళ బరువులు చూశాడు. ఆపరేషన్‌కి ముందు 20 శాతానికి మించి బరువు తగ్గినవాళ్ళలో ప్రతి ముగ్గురిలో ఒకరు చనిపోయారు. అంత తగ్గనివాళ్ళలో చనిపోయింది వందకి ముగ్గురో నలుగురో. ఆపరేషన్ అదే, రోగం అదే.

లివర్ ఎంత దెబ్బతిందో చెప్పడానికి మన లివర్ డాక్టర్లు రోజూ వాడే ఒక కొలత ఉంది, చైల్డ్ పగ్ స్కోరు. మీ ఫైల్లో "చైల్డ్ ఎ", "చైల్డ్ బి" అని రాసి ఉంటుంది, ఇంటికెళ్ళి చూసుకోండి. దాని వెనక కథ నాకు చాలా ఇష్టం, కొంచెం కోపం కూడా. 1964లో చైల్డ్, టర్కాట్ అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని మొదట తయారు చేసినప్పుడు ఐదు అంశాలు పెట్టారు: కామెర్లు, అల్బుమిన్, పొట్టలో నీరు, మెదడు మబ్బు పట్టడం, ఐదోది పోషణ. రోగి ఎలా తిని ఎలా ఉన్నాడన్నది సగర్వంగా ఆ ఐదింట్లో కూర్చుంది. 1973లో పగ్ అనే ఇంగ్లీషు సర్జన్, ఆయన బృందం దాన్ని సవరించారు. పోషణ తీసేసి, ఆ చోట రక్తం గడ్డకట్టే సమయాన్ని పెట్టారు. ఎందుకయ్యా అంటే పోషణని ఒక్కో డాక్టరు ఒక్కోలా అంచనా వేస్తాడు, రక్తపరీక్షకైతే అంకె వస్తుంది. ఆ సవరణ తప్పని నేను అనను, లెక్కకి అది అవసరమే. కానీ స్కోరులోంచి పోయిన పోషణ చాలాచోట్ల రౌండ్స్‌లోంచి కూడా పోయింది. ఫైల్లో గడి లేనిదాన్ని ఎవరూ అడగరు, నిజం ఇదే.

ఇప్పుడు దాన్ని కొలిచే దారులు మళ్ళీ వచ్చాయి. జపాన్‌లో 1984లో ఒనోడెరా అనే డాక్టరు అల్బుమిన్‌నీ, రక్తంలో లింఫోసైట్లనే తెల్లకణాల సంఖ్యనీ కలిపి ఒక సూచిక చెప్పాడు. మీ దగ్గర ఇప్పటికే ఉన్న రక్తపరీక్షతోనే అది వచ్చేస్తుంది. ఇంకొకటి సీటీ స్కాన్. గడ్డ కోసం తీసిన స్కాన్‌లోనే నడుము మూడో పూస దగ్గర కండ వైశాల్యం కొలవచ్చు. జపాన్‌లో క్యూషూ యూనివర్సిటీవాళ్ళు లివర్ క్యాన్సర్‌కి ఆపరేషన్ అయిన 186 మందికి అలా కొలిచారు, 2013లో ప్రచురించారు. పదిమందిలో నలుగురికి కండ తక్కువ. ఐదేళ్ళ తర్వాత బతికున్నది కండ ఉన్నవాళ్ళలో సుమారు 84 శాతం, లేనివాళ్ళలో 71 శాతం. వీళ్ళందరూ బక్కచిక్కినవాళ్ళు కాకపోవచ్చు, అది గుర్తుపెట్టుకోండి. పైకి లావుగా ఉండి లోపల కండ కరిగిపోయినవాళ్ళు మనకి బోలెడంతమంది. "మా నాన్నగారికేం, 85 కిలోలున్నారు" అంటారు. 85 కిలోల్లో పొట్టలో నీరు ఎంతో, కొవ్వు ఎంతో చూడాలి కదండీ.

(సభలోంచి ఒకరు: "అల్బుమిన్ తగ్గిందని సీసా ఎక్కించారు మేడమ్, మరి బలం వచ్చినట్టేనా?")

మంచి ప్రశ్న బాబాయ్ గారూ. ఆ సీసా అవసరమైనచోట అవసరమే, నీరు తీసినప్పుడు తప్పకుండా ఎక్కిస్తారు. కానీ అది తిండి కాదు, దాన్నుంచి కండ పట్టదు. ఇంకో సంగతి, అల్బుమిన్ తగ్గిందంటే తిండి తగ్గిందని మాత్రమే అర్థం కాదు. లివర్ చెయ్యలేకపోయినా తగ్గుతుంది, ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నా తగ్గుతుంది. పైగా శరీరంలో ఉన్న అల్బుమిన్‌లో సగం కరగడానికే 20 రోజుల దాకా పడుతుంది, కాబట్టి నిన్న గుడ్లు పెట్టాం కదా ఇవాళ రిపోర్టు మారాలి అని చూడకండి. రిపోర్టు కంటే మనిషిని చూడండి.

ఇంట్లో ఎలా చూడాలంటే, కణతల దగ్గర గుంట పడిందా? బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కండ ఉబ్బుగా ఉందా, పీక్కుపోయిందా? గాజులు మోచేతి దాకా జారుతున్నాయా? కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవగలుగుతున్నారా? పంచె నడుము దగ్గర బిగుతైపోయి, చొక్కా భుజాల దగ్గర వేలాడుతుంటే అది నీరు, బరువు కాదు. ఆరు నెలల్లో పదో వంతు బరువు పోయిందంటే సర్జన్‌కి మీరే చెప్పాలి, అడిగేదాకా ఆగకండి. మరీ నీరసించిపోయిన మనిషైతే క్యాన్సరైనా సరే ఆపరేషన్‌ని ఒకటి రెండు వారాలు వాయిదా వేసి, తిండితో బలం పట్టించాకే చెయ్యమని యూరప్ పోషణ నిపుణుల సంఘం, ఎస్పెన్ అంటారు, సలహా ఇస్తుంది. గడ్డ పెరిగిపోతుందేమో అని టెన్షన్ పడతారు, సహజం. ఆ రెండు వారాలు ఆగవచ్చా లేదా అన్నది సర్జన్ గారు గడ్డ తీరు చూసి చెప్తారు. అయితే ఆగిన రెండు వారాల్లోనూ మజ్జిగన్నమే పెడితే ఆగి ఏం లాభం?

తిండి పెడితే నిజంగా తేడా వస్తుందా అని మీరు అడగాలి. దీనికి గట్టి జవాబు 1994లో హాంకాంగ్ నుంచి వచ్చింది. అక్కడ లివర్ క్యాన్సర్ ఎక్కువ, హెపటైటిస్ బి వల్ల. షీంగ్ టాట్ ఫాన్ అనే సర్జన్ బృందం ఆపరేషన్‌కి వచ్చిన 124 మందిని చీటీ వేసినట్టు రెండుగా విడదీసింది. 64 మందికి మామూలు తిండికి తోడుగా ఆపరేషన్‌కి ముందు వారం, తర్వాత వారం నరం ద్వారా పోషణ ఇచ్చారు. అమైనో ఆమ్లాలు, గ్లూకోజు, కొవ్వు కలిపి. మిగతా 60 మందికి అది లేదు. పోషణ అందినవాళ్ళలో 34 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది, అందనివాళ్ళలో 55 శాతం మందికి. తేడా ముఖ్యంగా ఇన్ఫెక్షన్లలో: 17 శాతం ఒకపక్క, 37 శాతం ఇంకోపక్క. పొట్టలో నీటికి మందులు వాడాల్సి వచ్చినవాళ్ళు కూడా సగానికి సగం తగ్గారు. చావుల దగ్గరికొచ్చేసరికి ఇటు ఐదుగురు, అటు తొమ్మిది మంది, కానీ అంత చిన్న సంఖ్యలో ఆ తేడాని గట్టిగా నమ్మలేం. ఎవరికి ఎక్కువ మేలు జరిగిందంటే సిర్రోసిస్ ఉండి, లివర్‌లో పెద్ద భాగం కోసినవాళ్ళకి.

దాన్ని విని "మాకూ నరంలోకి ఎక్కించండి" అనకండి. ఇప్పుడు పద్ధతి ఏంటంటే నోరు పనిచేస్తున్నంతవరకూ నోటితోనే. నరం ద్వారా పోషణ ఇస్తే ఆ గొట్టం నుంచే ఇన్ఫెక్షన్ రావచ్చు. ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. పోషణ గడ్డని కరిగించదు. డబ్బాల మీద "ఇమ్యూనిటీ" అని రాసి అమ్మే ఖరీదైన పొడుల మీద జరిగిన పరిశోధనల్లో ఫలితాలు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. గుడ్లూ పప్పూ కొనాల్సిన డబ్బుతో ఆ డబ్బా కొనేవాళ్ళని చూస్తుంటాను, బాధేస్తుంది.

ఇప్పుడు రాత్రి సంగతి. ఇది చాలామందికి కొత్తగా ఉంటుంది. మామూలు మనిషికి రాత్రి భోజనానికీ పొద్దున టిఫిన్‌కీ మధ్య శక్తి లివర్‌లో దాచిన చక్కెర నిల్వ నుంచి వస్తుంది. సిర్రోసిస్ లివర్‌లో ఆ నిల్వ బాగా తక్కువ. ఒక్క రాత్రి నిద్రపోయి లేచేసరికి వాళ్ళ ఒళ్ళు, మనం రెండు మూడు రోజులు కటిక ఉపవాసం ఉంటే ఎలా అవుతుందో అలా అయి ఉంటుంది. కండని కరిగించి చక్కెర చేసుకుంటుంది. విత్తనాలకి దాచిన వడ్లు దంచుకుని వండుకున్నట్టు, ప్రతి రాత్రీ. న్యూజిలాండ్‌లో ఆక్లాండ్‌లో సిర్రోసిస్ రోగులకి ఏడాది పాటు ఒకే రకం అదనపు ఆహారం ఇచ్చారు, కొందరికి పగలు, కొందరికి రాత్రి పడుకోబోయే ముందు. 2008లో ఫలితం వచ్చింది. రాత్రి తీసుకున్నవాళ్ళకి ఒంట్లో ప్రొటీన్ పెరిగింది, రెండు కిలోల కండకి సమానంగా. పగలు తీసుకున్నవాళ్ళకి పెరగలేదు. కాబట్టి మీ ఇంట్లో ఎనిమిదింటికి భోజనం అయిపోయినా, పదింటికి ఒక గ్లాసు పాలూ అరటిపండూ, లేదా పాలు పోసి కాచిన రాగి జావ, పడుకోబోయే ముందు తప్పకుండా ఇవ్వండి. షుగర్ ఉంటే ఎంత, ఏది అన్నది మాతో మాట్లాడి సర్దుకోవాలి, మానెయ్యడం మాత్రం వద్దు.

మరి రోజంతా ఏం పెట్టాలి? నాకు వంకర టింకర మెనూలు ఇష్టం ఉండదు, మీ వంటింట్లో ఉన్నవే చెప్తాను. పొద్దున మూడు ఇడ్లీ, రెండు ఉడకబెట్టిన గుడ్లు, ఇది 18 గ్రాములు. పదకొండింటికి గ్లాసు పాలు, ఆరు. మధ్యాహ్నం అన్నంలోకి పప్పు. నీళ్ళ పప్పు కాదమ్మా, ముద్దపప్పు, ఆ మనిషి ఒక్కడికే 40 గ్రాముల కందిపప్పు పడాలి. దాని మీద గడ్డపెరుగు. అన్నం, పప్పు, పెరుగు కలిపి 22. సాయంత్రం గుప్పెడు వేయించిన పల్లీలు, ఏడు. రాత్రి చేప ముక్కలు వంద గ్రాములు, అన్నంతో కలిపి 26. పడుకోబోయే ముందు పాలు, ఇంకో ఆరు. 85 అయింది చూశారా. మాంసాహారం ముట్టనివాళ్ళైతే మీల్ మేకర్ వాడండి. ఎండువి 30 గ్రాములు నానబెట్టి కూర చేస్తే 15 గ్రాములు వస్తాయి, చికెన్ కన్నా ఎంతో చవక. పల్లీల విషయంలో ఒక జాగ్రత్త. ముడుచుకుపోయినవి, నల్లబడ్డవి, బూజు వాసన వచ్చేవి ఏరి పారెయ్యండి. ఆ బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం ఉంటుంది, అదే లివర్ క్యాన్సర్‌కి ఒక కారణం. మన అనంతపురం రైతులకి ఆ పేరు బాగా తెలుసు.

ఇంత ఒకేసారి తినలేరు, నాకు తెలుసు. పొట్టలో నీరుంటే నాలుగు ముద్దలకే నిండిపోయినట్టుంటుంది. అందుకే ఆరుసార్లు. "తినండి తినండి" అని పోరొద్దు, గిన్నె చిన్నది చెయ్యండి. నీరుంది, ఉప్పు తగ్గించమన్నారు కదా అంటారు. తగ్గించండి, ఆవకాయ, అప్పడం, చిప్స్ మానిపించండి. కానీ చప్పిడి కూడు పెట్టి, మనిషి అసలు తినడమే మానేస్తే ఉప్పు తగ్గించి సాధించింది ఏం లేదు. నిమ్మకాయ, అల్లం వెల్లుల్లి, కొత్తిమీర, వేయించిన జీలకర్ర, వీటితో రుచి తెప్పించండి. పసరు మందులు మాత్రం వద్దు. ఇమ్యూనిటీ కోసమని కోవిడ్ రోజుల్లో తిప్పతీగ తాగి లివర్ దెబ్బతిన్నవాళ్ళ గురించి ముంబై డాక్టర్లే రాశారు.

"ప్రొటీన్ పెడితే మెదడుకి ఎక్కుతుందన్నారు" అని ఆ మూలనుంచి అంటున్నారు. సిర్రోసిస్‌లో మనిషి మబ్బుగా, పొంతన లేకుండా మాట్లాడినప్పుడు ప్రొటీన్ ఆపెయ్యమని పూర్వం చెప్పేవాళ్ళు. 2004లో బార్సిలోనాలో అలాంటి రోగులనే రెండుగా చేసి, ఒకరికి మామూలు ప్రొటీన్, ఒకరికి తగ్గించి ఇచ్చారు. మబ్బు తగ్గడంలో తేడా ఏమీ లేదు. తగ్గించినవాళ్ళలో కండ మాత్రం ఎక్కువ కరిగింది. ఇప్పుడు ఎవరూ ఆపమని చెప్పడం లేదు. అలాంటివాళ్ళకి పప్పు, పెరుగు, పాలు బాగా పడతాయి. విరేచనం రోజుకి రెండు మూడుసార్లు అయ్యేలా మందు మాత్రం మానకూడదు.

ఇక ఆపరేషన్ ముందురోజు. రాత్రి నుంచి నోట్లో చుక్క నీళ్ళు పడకూడదని ఇంట్లోవాళ్ళే కాపలా కాస్తారు. కేసు మధ్యాహ్నం రెండింటికి పడితే పద్దెనిమిది గంటల పస్తు. ఇప్పటి నియమం గట్టి ఆహారానికి ఆరు గంటలు, నీళ్ళలాంటి పల్చటి ద్రవాలకి రెండు గంటలు. మీ మత్తు డాక్టరుని "ఎప్పటిదాకా తాగవచ్చు సార్?" అని నోరు తెరిచి అడగండి. ఎండోస్కోపీలకీ, స్కాన్‌లకీ కూడా ఇంతే. పరీక్షల పేరుతో వారానికి రెండు పూటలు ఎగిరిపోతుంటాయి. ఎగిరిపోయిన పూటకి బదులు ఆ సాయంత్రమే ఇంకో పూట పెట్టండి.

ఆపరేషన్ అయ్యాక మరుసటి రోజు నుంచే చాలామందికి తాగడానికీ, మెత్తగా తినడానికీ ఇచ్చేస్తాం. అప్పుడు మొదలవుతుంది అసలు గొడవ. "పప్పు పెడితే కుట్లకి చీము పడుతుంది." ఈ మాట నేను వినని వారం లేదు. వార్డులో పెట్టిన పప్పు గిన్నె అలాగే వెనక్కి వస్తుంటుంది, పక్కన కూర్చున్న కోడలు మూత కూడా తియ్యనివ్వదు. అమ్మా, చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల. హాంకాంగ్‌లో ఇన్ఫెక్షన్లు సగానికి తగ్గింది పోషణ అందినవాళ్ళకే అని ఇందాకే చెప్పాను కదా. గాయం మానడానికి కావలసిన సరుకు పప్పులో ఉంది, గుడ్డులో ఉంది. అత్తగారితో వాదన పెట్టుకోలేకపోతే మమ్మల్ని పిలవండి, మేము వచ్చి ఆవిడతో మాట్లాడతాం. మాకది అలవాటే.

ఒక్క హెచ్చరిక. చాలా రోజులుగా దాదాపు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా దండిగా పెట్టేస్తే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండెకే ప్రమాదం రావచ్చు. అలాంటివాళ్ళకి కొద్దికొద్దిగా, రక్తపరీక్షలు చూసుకుంటూ ఆసుపత్రిలో పెంచుతాం. మీ ఇంట్లో అలాంటివాళ్ళుంటే ఈ 85 గ్రాముల లెక్క రేపే మొదలుపెట్టకండి, ముందు మాకు చూపించండి.

(ఒక మహిళ: "మా ఆయన అసలు ముద్ద మింగటం లేదండీ. ముక్కులోంచి గొట్టం వేస్తామన్నారు. రక్తం వస్తుందేమోనని మేం వద్దన్నాం.")

భయం అర్థమైందమ్మా. ఆహారనాళంలో ఉబ్బిన రక్తనాళాలు ఉన్నా కూడా ముక్కు గొట్టం వెయ్యవచ్చు, అవి ఉన్నాయన్న ఒక్క కారణంతో మానాల్సిన పనిలేదు. ఈమధ్యే రక్తం కక్కి ఉంటే, లేదా ఆ నాళాలకి బ్యాండ్ వేసి ఉంటే ఎప్పుడు వెయ్యాలో డాక్టరు గారు చూసి చెప్తారు. పొట్ట మీద చిల్లు చేసి పెట్టే గొట్టం మాత్రం సిర్రోసిస్‌లో, అందులోనూ నీరున్నప్పుడు ప్రమాదం, దాన్ని మేమే వద్దంటాం. ముక్కు గొట్టం సన్నగా ఉంటుంది, రాత్రంతా మెషిన్‌తో చుక్కలు చుక్కలుగా ఎక్కించవచ్చు. పగలు ఆయనకి నోటికి ఏం తినాలనిపిస్తే అది తింటూనే ఉండవచ్చు. నోటితో తినేది చాలినంతకి వచ్చిందని మేం లెక్క చూసుకున్నాక తీసేస్తాం. ఆయన రిపోర్టులు తెచ్చారా? ఇటు ఇవ్వండి, చూస్తాను.